సీటొచ్చింది... సాయమే రాలేదు!

మార్చి నెలాఖరు. అమెరికాలో పన్నెండో తరగతి చదివే పిల్లలున్న ఏ తెలుగింటికి వెళ్లినా ఒకటే ఉత్కంఠ. సాయంత్రం ఏడు కొట్టగానే కాలేజీ వెబ్‌సైట్ తెరుచుకుంటుంది. తెర నిండా రంగు కాగితాలు రాలతాయి. 'అభినందనలు' అన్న మాట మెరుస్తుంది. అమ్మాయి వేసిన కేకకి పక్కింటివాళ్లు ఉలిక్కిపడతారు. అమ్మ దేవుడి దగ్గర దీపం వెలిగిస్తుంది. నాన్న హైదరాబాద్‌లో ఉన్న తాతయ్యకి ఫోన్ కలుపుతాడు... అక్కడింకా తెల్లారలేదన్న సంగతి కూడా మర్చిపోయి!

ఆ సంబరంలో ఎవరూ వెంటనే పట్టించుకోని ఉత్తరం ఇంకొకటి ఉంటుంది. 'ఆర్థిక సాయం' అని దాని శీర్షిక. భోజనాలయ్యాక తీరిగ్గా తెరుస్తారు. ఏడాదికి అయ్యే ఖర్చు 88 వేల డాలర్లు. కాలేజీ ఇస్తామన్నది 21 వేలు. మిగతాది మీరే చూసుకోండి అని దాని సారాంశం. ఇల్లు ఒక్కసారిగా చల్లబడిపోతుంది. అమ్మాయి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. అమ్మానాన్నలు వంటింట్లో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. కానీ పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చాలావాటి ఖర్చు ఇప్పుడు ఏడాదికి 90 వేల డాలర్లు దాటిపోయింది కాబట్టి, ఇవి ఊహకు అందనివేం కాదు. ఆపైన మన ఇబ్బంది ఇంకోటుంది. ఈ ఉత్తరాలొచ్చే రోజులూ, ఊళ్లో తెలుగు సంఘం వాళ్ల ఉగాది వేడుకలూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. పులిహోర ప్లేటు పట్టుకుని ఎదురైన ప్రతివాళ్లూ అడిగేది ఒకే ప్రశ్న... 'మీ అమ్మాయికి ఎక్కడొచ్చిందండీ?' ఎక్కడొచ్చిందో చెప్పడం తేలికే. పంపగలమా లేదా అన్నదే ఇంకా తేలలేదని చెప్పడం కష్టం.

తేల్చుకోవడానికి గడువు ఎక్కువ ఉండదు. సాధారణంగా మే 1లోపు ఏదో ఒక కాలేజీకి 'సరే' చెప్పి అడ్వాన్సు కట్టాలి. (2024లో ప్రభుత్వ దరఖాస్తు ఫారమే గందరగోళమై ఉత్తరాలు ఆలస్యమవడంతో చాలా కాలేజీలు గడువును మే 15కో జూన్ 1కో జరిపాయి. అలాంటివి ఎప్పుడోగానీ జరగవు.) అంటే చేతిలో ఉన్నది నెల రోజులు. ఆ నెలలో చేయగలిగింది మనం అనుకునేదానికన్నా ఎక్కువే.

ఆ ఉత్తరం చదవడమూ ఓ విద్యే

ముందు చేయాల్సింది దిగులుపడటం కాదు, లెక్క తీయడం. ఎందుకంటే ఆ ఉత్తరంలో అసలు లెక్క అంత సులువుగా కనిపించదు. అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ అయిన గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2022లో ఈ ఉత్తరాలను పరిశీలించింది. విద్యార్థి చివరికి ఎంత కట్టాలన్నది 91 శాతం కాలేజీలు అసలు చెప్పడం లేదనో, తక్కువ చేసి చూపుతున్నాయనో తేల్చింది. నూటికి తొంభై ఒక్కటి!

కిటుకు ఎక్కడుందంటే, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బునీ, తీర్చాల్సిన అప్పునీ, ఇంకా సంపాదించని జీతాన్నీ ఒకే వరుసలో పేర్చి, అడుగున గీత గీసి, మొత్తానికి 'మీకు అందే సాయం' అని పేరు పెడతారు. పైన చెప్పుకున్న ఉదాహరణే చూడండి. 21 వేలు గ్రాంటు. అది నిజంగా మనకొచ్చేది. దాని కింద 5,500 డాలర్లు ప్రభుత్వ విద్యారుణం. అది అమ్మాయి పేరు మీద అప్పు. దాని కింద 'వర్క్ స్టడీ' 3 వేలు. ఇది చాలామందిని తికమక పెడుతుంది. ఆ 3 వేలు కాలేజీ ఇచ్చే డబ్బు కాదు. లైబ్రరీలోనో భోజనశాలలోనో పనిచేసి సంపాదించుకోమని ఇచ్చే అవకాశం. పనిచేసిన గంటలకు జీతం తర్వాతెప్పుడో చేతికొస్తుంది. ఆగస్టులో కట్టాల్సిన ఫీజుకి అది అక్కరకు రాదు. ఇంకా కింద తల్లిదండ్రులు తీసుకోదగ్గ 'పేరెంట్ ప్లస్' రుణం కూడా రాసి, చివర్లో 'మీరు కట్టవలసింది సున్నా' అని ముగించే ఉత్తరాలు కూడా ఉంటాయి. మన దగ్గర వస్తువును వాయిదాలకిచ్చి ఉచితమని బోర్డు పెట్టినట్టు!

కాబట్టి కాగితం తీసుకుని 88 వేల నుంచి 21 వేలు మాత్రమే తీసేయండి. మిగిలింది 67 వేలు. అదీ అసలు ధర. నాలుగేళ్లకి 2 లక్షల 68 వేల డాలర్లు. ఫీజులు ఏటా పెరుగుతాయి కాబట్టి ఇది తక్కువలో తక్కువ. వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఇలాగే లెక్క వేసి పక్కపక్కన రాసుకుంటే, ఒక్కోసారి 30 వేల స్కాలర్‌షిప్ ఇచ్చిన కాలేజీకన్నా పైసా ఇవ్వని సొంత రాష్ట్ర విశ్వవిద్యాలయమే చవకని తేలుతుంది.

ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడిగి తెలుసుకోవాలి. ఈ గ్రాంటు నాలుగేళ్లూ ఇస్తారా, మొదటి ఏడాదికేనా? నిలబెట్టుకోవడానికి ఎన్ని మార్కులు రావాలి? ఇంజినీరింగ్‌లో మొదటి సెమిస్టరు ఎంతటివాళ్లనయినా తడబడేలా చేస్తుంది. అక్కడ స్కాలర్‌షిప్ పోతే కష్టం మామూలుగా ఉండదు.

కొండాపూర్ ప్లాటు... అమెరికా సూత్రం

'మా ఇద్దరి జీతాలూ ఇంటి కిస్తీకీ, ఊళ్లో అమ్మానాన్నలకీ సరిపోతున్నాయి. మేం అంత కట్టగలమని ఎవరు చెప్పారు?' ఇదీ చాలామంది ఆవేదన. చెప్పింది మనిషి కాదు, ఓ సూత్రం.

ఫాఫ్సా అనే ప్రభుత్వ దరఖాస్తులో ఇచ్చిన వివరాలతో 'స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్' అనే అంకెను లెక్కిస్తారు. అందులో ముఖ్యమైనది రెండేళ్ల కిందటి ఆదాయం. 2026 ఆగస్టులో చేరేవాళ్లకి 2024 నాటి పన్ను లెక్కలు చూస్తారు. మధ్యలో ఉద్యోగం పోయినా సూత్రానికి తెలియదు. 2024లో కంపెనీ షేర్లు ఒకేసారి చేతికొచ్చి ఆదాయం ఉబ్బినా, అది ఏటా వచ్చేదే అనుకుంటుంది. కొండాపూర్‌లోనో గన్నవరంలోనో ఎప్పుడో కొన్న స్థలం ఆ ఏడాదే అమ్మితే, ఆ లాభం కూడా ఆదాయమై కూర్చుంటుంది. ఆ డబ్బుతో చెల్లెలి పెళ్లి చేశారన్నది ఫారంలో ఎక్కడా ఉండదు!

ఇక ఆస్తులు. మీరుంటున్న ఇంటినీ, పదవీ విరమణ ఖాతాల్లో ఉన్న డబ్బునీ ప్రభుత్వ సూత్రం లెక్కలోకి తీసుకోదు. ఇండియాలో ఉన్న ఖాళీ స్థలం, అద్దెకిచ్చిన ఫ్లాటు మాత్రం లెక్కలోకి వస్తాయి. తల్లిదండ్రుల ఆస్తిలో ఏడాదికి గరిష్ఠంగా 5.64 శాతం చదువుకు పెట్టగలరని సూత్రం అనుకుంటుంది. 2 లక్షల డాలర్ల విలువైన ప్లాటుంటే, దానివల్ల ఏడాదికి 11 వేల డాలర్ల దాకా సాయం తగ్గే వీలుంది. అదే డబ్బు పిల్లల పేరు మీద మామూలు ఖాతాలో ఉంటే 20 శాతం. పుట్టినరోజు కానుకలన్నీ అమ్మాయి పేరు మీదే దాచిన అమ్మమ్మకి ఈ సంగతి చెప్పకపోవడమే మంచిదేమో. పలు ప్రైవేటు కాలేజీలు దీనికి తోడు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో పెద్ద ఫారం అడుగుతాయి. చాలాచోట్ల అందులో ఉంటున్న ఇంటి విలువ కూడా లెక్కకొస్తుంది.

'ఇండియాలో ఉన్నది వాళ్లకెలా తెలుస్తుందండీ?' అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆయన మాట వినకండి. ఫాఫ్సాలో తప్పుడు వివరాలిస్తే 20 వేల డాలర్ల దాకా జరిమానా, జైలు... రెండూ పడొచ్చు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే ఇంట్లో ఆ సంతకం ఖరీదు ఇంకా ఎక్కువ.

ఇద్దరు పిల్లలున్నవారికి మరో దెబ్బ తగిలింది. పూర్వం ఒకే సమయంలో ఇద్దరు కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వాటాను ఇద్దరికీ పంచేవారు. 2024-25 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ సూత్రంలో ఆ వెసులుబాటు లేదు. అన్నయ్య చేరినప్పటి లెక్కతో తమ్ముడికీ అంతే వస్తుందనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడ్డారు. కొన్ని కాలేజీలు తమ సొంత డబ్బు పంచేటప్పుడు ఇప్పటికీ దీన్ని చూస్తాయి. అడగాలి.

బేరం కాదు... విన్నపం

సూత్రానికి తెలియని సంగతిని మనిషికి చెప్పుకునే దారి ఒకటుంది. ఆర్థిక సాయం అధికారికి ఒక్కో విద్యార్థి పరిస్థితిని విడిగా పరిశీలించి లెక్క సవరించే అధికారాన్ని అమెరికా చట్టమే ఇచ్చింది. దీన్నే 'ప్రొఫెషనల్ జడ్జిమెంట్' అంటారు. మామూలు భాషలో అప్పీలు. మనవాళ్లలో చాలామంది దీని జోలికే పోరు. 'అడిగితే సీటు తీసేస్తారేమో' అని భయం. ఇచ్చిన సీటును సాయం పెంచమని మర్యాదగా అడిగినందుకు వెనక్కి తీసుకోరు. ఆ కార్యాలయాలకి ఇవి ప్రతి ఏప్రిల్‌లోనూ మామూలే.

రెండో రకంవాళ్లు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఫోనెత్తి, సుల్తాన్‌బజార్‌లో చీర బేరమాడినట్టు మొదలుపెడతారు. 'ఫలానా కాలేజీ 30 ఇస్తానంది, మీరెంతిస్తారు?' అవతల ఉన్నది దుకాణదారు కాదు. బేరమన్న మాట వినగానే బిగుసుకుపోతారు. అడగాల్సింది పునఃపరిశీలన.

ఏం చెప్పుకోవచ్చు? ఉద్యోగం పోవడం, జీతం తగ్గడం, బీమా భరించని ఆస్పత్రి ఖర్చులు, విడాకులు, ఇంటిపెద్ద మరణం, పైన చెప్పుకున్నట్టు ఒక్క ఏడాది మాత్రమే ఉబ్బిన ఆదాయం... ఇవన్నీ బలమైన కారణాలే. మన కుటుంబాలకే ప్రత్యేకమైంది ఇంకొకటుంది. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకి నెలనెలా పంపే డబ్బు. నాన్నగారి డయాలసిస్‌కో, అమ్మ మోకాలి ఆపరేషన్‌కో పంపిన మొత్తం ఫారంలోని ఏ గడిలోనూ పట్టదు. బ్యాంకు ద్వారా పంపిన రశీదులు, ఆస్పత్రి బిల్లులు జతచేసి చెబితే కొన్ని కాలేజీలు పరిశీలిస్తాయి. అన్నీ ఒప్పుకుంటాయని కాదు. చెప్పకపోతే మాత్రం ఎవరికీ తెలియదు.

ఏం పనిచేయదో కూడా తెలిసుండాలి. 'మా అబ్బాయికి ఎస్ఏటీలో 1580 వచ్చింది' అన్నది హార్వర్డ్, యేల్, కార్నెల్ వంటి ఐవీ లీగ్ కాలేజీల్లో చెల్లని నాణెం. అక్కడ మార్కులకి స్కాలర్‌షిప్పులుండవు. అవసరాన్ని బట్టే సాయం. మార్కులు చూసి డబ్బిచ్చే కాలేజీల్లో ఆ మాట పనికొస్తుంది. అలాగే పోటీ కాలేజీ ఇచ్చిన మెరుగైన ఉత్తరాన్ని చూపించడం కొన్నిచోట్ల ఫలిస్తుంది. ఇతర ఐవీ కాలేజీలు, స్టాన్‌ఫర్డ్, డ్యూక్, ఎంఐటీలు అవసరాన్ని బట్టి ఇచ్చే సాయానికి సమంగా తామూ ఇస్తామని కార్నెల్ 2010లో బాహాటంగానే ప్రకటించింది. అయితే పోలిక సాటివాటి మధ్యే ఉండాలి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మొదట కృతజ్ఞత. మీ కాలేజీలో చేరాలన్నదే మా అమ్మాయి కోరిక అన్న మాట... నిజమైతేనే. తర్వాత కారణం, తేదీలతో. 'మా ఆదాయం తగ్గింది' అని కాకుండా 'ఫలానా నెలలో ఉద్యోగం పోయింది, మళ్లీ దొరికిన ఉద్యోగంలో జీతం ఇంత తక్కువ' అని రాయాలి. కాగితాలు జతచేయాలి. ఏటా మేం ఇంతవరకూ కట్టగలం, ఇంత తక్కువ పడుతోంది అని అంకె స్పష్టంగా చెప్పాలి. మనకి ఇది ఇబ్బందిగానే ఉంటుంది. ఇంటి గుట్టు బయటపెట్టడం మనకి అలవాటు లేదు కదా! కానీ ఆ అధికారి రోజంతా చేసేది ఇళ్ల గుట్లు చదవడమే. అంకె లేని ఉత్తరంతో ఆయనైనా ఏం చేయగలరు?

అప్పీలు వల్ల కొందరికి కొన్ని వేలు పెరుగుతాయి, కొందరికి ఏమీ పెరగదు. 67 వేలు 60 వేలవుతుందేమోగానీ, 20 వేలవుతుందని ఆశపెట్టుకుంటే మరోసారి గుండె కోత తప్పదు.

హెచ్-4 పిల్లల సంగతి వేరు

ఇంతవరకూ చెప్పుకున్నది పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న కుటుంబాల కథ. మూడో ఏటో నాలుగో ఏటో అమ్మ చెయ్యి పట్టుకుని విమానం దిగి, బడంతా అక్కడే చదివి, ఇంకా హెచ్-4 వీసా మీదే ఉన్న పిల్లల పరిస్థితి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్లకి ప్రభుత్వ గ్రాంటు లేదు, ప్రభుత్వ రుణం లేదు, వర్క్ స్టడీ లేదు. నాన్న పదిహేనేళ్లుగా పన్ను కడుతున్నా అంతే. చాలా కాలేజీలు సాయం విషయంలో వాళ్లని విదేశీ విద్యార్థుల్లాగే చూస్తాయి. ఇరవై ఒక్కేళ్లు నిండితే ఆ వీసా కూడా ఉండదు. చదువు మధ్యలోనే ఎఫ్-1కి మారాలి.

ఇక్కడ ఉన్న ఆసరా ఒకటే. చాలా రాష్ట్రాల్లో హెచ్-4 పిల్లలు స్థానికుల ఫీజుకి అర్హులు. నిబంధన ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి పదో తరగతిలో ఉండగానే ఆరా తీయడం మేలు. వీసా మారితే ఆ స్థానిక ఫీజు నిలుస్తుందా అన్నది కూడా అప్పుడే అడిగి పెట్టుకోవాలి. ప్రైవేటు కాలేజీల్లో సొంత నిధుల నుంచి సాయం ఇచ్చేవి ఉన్నాయి. వాటికి దరఖాస్తు చేసేటప్పుడే సాయం కావాలని చెప్పాలి. చేరాక అడిగితే ఒప్పుకోని కాలేజీలే ఎక్కువ.

పక్క వీధిలో ఉన్న బంగారం

ప్రతి ఏప్రిల్‌లోనూ తెలుగిళ్లలో కన్నీళ్లు తెప్పించే మాట 'స్టేట్ యూనివర్సిటీ'. 'ఇంత చదివి చివరికి ఇక్కడికేనా?' అని పిల్లలు, పైకి అనకపోయినా పెద్దలూ. నిజం చెప్పాలంటే ఆ చిన్నచూపు మనం తెచ్చిపెట్టుకున్నదే. ఎంసెట్ ర్యాంకుల కాలం నాటి అలవాటు, సముద్రాలు దాటినా పోలేదు.

జార్జియా సంగతే చూడండి. ఆల్ఫరెటా, కమ్మింగ్ చుట్టుపక్కల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ రాష్ట్రం 1993 నుంచి లాటరీ డబ్బుతో 'హోప్' స్కాలర్‌షిప్ నడుపుతోంది. అర్హులైన పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు దాంతోనే గడుస్తుంది. జార్జియా టెక్ కూడా అందులోదే! ఫ్లోరిడాలో 'బ్రైట్ ఫ్యూచర్స్' 1997 నుంచి ఉంది. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉన్నవారికి దగ్గరే ఉన్న యూటీ డల్లాస్ మార్కుల మీదే కాదు, చదరంగం బాగా ఆడినా స్కాలర్‌షిప్ ఇస్తుంది. చెస్ క్లాసులకి తిప్పితిప్పి అలసిన తల్లులకి ఇంతకన్నా మంచి వార్త ఏముంటుంది!

కాలిఫోర్నియాలో ఇంకో పద్ధతుంది. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, నిర్దేశించిన మార్కులు తెచ్చుకుంటే ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆరు ప్రాంగణాల్లో ఏదో ఒకదానిలో సీటు ఖాయంగా ఇచ్చే ఒప్పందం చేసుకోవచ్చు. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్‌డియాగో ఆ ఒప్పందంలో లేవు. అయినా అక్కడికీ ఏటా ఈ దారిలో వెళ్లేవాళ్లుంటారు. వర్జీనియాలోనూ కమ్యూనిటీ కాలేజీల నుంచి యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాకి ఇలాంటి ఒప్పందాలున్నాయి. చివరికి చేతికొచ్చే పట్టా మీద మొదటి రెండేళ్లు ఎక్కడ చదివారో రాయరు.

మరి పేరున్న కాలేజీ వల్ల లాభమే లేదా? ఉందనీ లేదనీ కూడా పరిశోధనలున్నాయి. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. సమానమైన ప్రతిభ ఉండి, ఒకేలాంటి కాలేజీల్లో సీట్లు వచ్చిన విద్యార్థుల్లో పెద్ద పేరున్నచోట చేరినవారూ, వదులుకున్నవారూ తర్వాత సంపాదించిన దాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద కుటుంబాల పిల్లలకి మాత్రం లాభం కనిపించింది. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ చేసిన అధ్యయనంలో సగటు సంపాదనలో పెద్ద తేడా లేకపోయినా, దేశంలో అత్యధికంగా సంపాదించే ఒక శాతంలోకి చేరే అవకాశం ఐవీ స్థాయి కాలేజీలవారికి బాగా ఎక్కువని తేలింది. కాబట్టి 'ఏ కాలేజీ అయినా ఒకటే' అని పిల్లల్ని ఓదార్చడం పూర్తి నిజం కాదు. రెండున్నర లక్షల డాలర్ల అప్పుకి అది విలువైనదా అన్నదే ప్రశ్న. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునే మధ్యతరగతి పిల్లలకైతే కాదనే నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి వెళ్లిన సత్య నాదెళ్ల అమెరికాలో మొదట చేరింది విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయంలో.

ఇంకో వింత కూడా చెప్పుకోవాలి. కొందరికి అత్యంత ప్రఖ్యాతమైన కాలేజీయే అతి చవక! ఏడాదికి 2 లక్షల డాలర్లలోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాల పిల్లలకి 2025 నుంచి ఎంఐటీ ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. హార్వర్డ్ కూడా అదే ఏడాది అదే బాట పట్టింది. దెబ్బ తగిలేది ఎక్కువగా ఆ మెట్టుకి కాస్త కింద ఉండే ప్రైవేటు కాలేజీల్లో. అంత నిధి వాటికి ఉండదు, ఫీజు మాత్రం సమానం.

అప్పు ఎవరి పేరు మీద?

పిల్లల పేరు మీద ప్రభుత్వం ఇచ్చే రుణానికి హద్దుంది. మొదటి ఏడాది 5,500, తర్వాత 6,500, ఆపై రెండేళ్లూ 7,500. మొత్తం 27 వేల డాలర్లు. ఉద్యోగం వచ్చాక తీర్చగలిగేదే. భయమంతా ఆ పైదానితోనే. పేరెంట్ ప్లస్ రుణాన్ని ఇంతకాలం కాలేజీ ఖర్చు ఎంతుంటే అంతవరకూ ఇచ్చేవారు. 2025 జులైలో వచ్చిన చట్టం దానికి కళ్లెం వేసింది. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో బిడ్డకి ఏడాదికి 20 వేలు, మొత్తంగా 65 వేల డాలర్లు మించి ఇవ్వరు. మిగతాది ప్రైవేటు రుణమే గతి. దానికి తల్లిదండ్రుల హామీ సంతకం అడుగుతారు. అంటే అప్పు పేరుకి పిల్లది, బరువు మనది.

'బిడ్డ చదువుకన్నా ఏం కావాలి, రిటైర్మెంట్ డబ్బు తీసేద్దాం' అనే తండ్రులున్నారు. ఊళ్లో పొలం అమ్మి చదివించిన తరం కడుపున పుట్టినవాళ్లం కదా, అది మన రక్తంలోనే ఉంది. కానీ అప్పట్లో పొలం అమ్మిన తండ్రికి ముసలితనంలో కొడుకు ఇల్లుంది. ఇప్పుడు యాభై ఏళ్ల వయసులో ఆ ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లకి ఏముంది? చదువుకి అప్పు దొరుకుతుంది, ముసలితనానికి దొరకదు.

దీన్ని పిల్లలకి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. పదిహేడేళ్ల పిల్లకి అది డబ్బు లెక్కలా వినపడదు, 'నువ్వంత విలువైనదానివి కాదు' అన్నట్టు వినపడుతుంది. అందుకే ముందు రెండు రోజులు ఏడవనివ్వండి. 'ఇంతకన్నా మంచిదొస్తుందిలే' అని తొందరపడి సర్దిచెప్పకండి. తర్వాత కాగితాలన్నీ భోజనాల బల్ల మీద పరిచి, మీ జీతమెంతో, కిస్తీ ఎంతో, తాతయ్యకి పంపేదెంతో దాచకుండా చూపించండి. చాలా ఇళ్లలో పిల్లలకి అమ్మానాన్నల జీతమెంతో తెలియదు. తెలిశాక వాళ్లే చాలాసార్లు మనకన్నా నిబ్బరంగా ఆలోచిస్తారు. అప్పుడు కూడా తను అక్కడికే వెళ్తానంటే, నెలకెంత కిస్తీ పడుతుందో, ఎన్నేళ్లు కట్టాలో తనతోనే లెక్క వేయించండి. 'మా వల్ల కాదు' అన్నది మాత్రం అమ్మానాన్నలిద్దరూ ఒకే మాటగా చెప్పాలి. నాన్న కాదని, అమ్మ రాత్రి గదిలోకెళ్లి 'చూద్దాంలే' అంటే ఆ నెలంతా నరకమే.

విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకి...

ఇంటర్ కాగానే నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లాలనుకునే పిల్లలు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లోనూ పెరిగారు. వాళ్లకి ఫాఫ్సా వర్తించదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బౌడిన్ వంటి కొన్ని మాత్రమే విదేశీ విద్యార్థి డబ్బడిగాడన్నది చూడకుండా సీటిచ్చి, అవసరమైనంతా ఇస్తాయి. మిగతాచోట్ల సాయం అడగడమే సీటు అవకాశాన్ని తగ్గిస్తుంది. వీసాకి కావాల్సిన ఐ-20 పత్రం రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకి డబ్బుందని చూపాలి. నాలుగేళ్లకి ఉందా అన్నది ఎవరూ అడగరు, మనమే అడుక్కోవాలి. పైగా సాయం డాలర్లలో స్థిరంగా ఉంటుంది, మన వాటా రూపాయల్లో పెరిగిపోతుంటుంది. 2005లో 44 రూపాయల దరిదాపుల్లో ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది.

ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లకి దారి కొంచెం వేరు. చేరేముందు సాయం రాకపోయినా, మొదటి సెమిస్టరులో ప్రొఫెసర్లని కలిసి టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పులు సంపాదించినవాళ్లు ఉన్నారు. దాన్ని నమ్ముకుని బయల్దేరడం మాత్రం జూదమే. తెలంగాణలో ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాల పిల్లలకి విదేశీ విద్యా నిధి పథకాల కింద 20 లక్షల రూపాయల వరకూ సాయం ఉంది. జంషెడ్జీ టాటా 1892లో నెలకొల్పిన జె.ఎన్.టాటా ఎండోమెంట్ నేటికీ విదేశీ చదువులకి రుణ స్కాలర్‌షిప్ ఇస్తోంది.

సాయం అందకుండా వెళ్లినవాళ్లలో మనకి బాగా తెలిసినాయన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన ఆయన 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్ ఉష్ణమండల వ్యాధుల కళాశాలలో సీటుంది, స్కాలర్‌షిప్ లేదు. మామగారూ, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మ సంస్థా ఇచ్చిన డబ్బుతో ఓడెక్కారు. డాక్టరు చదువు చదివినా ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పనిచేసి నెట్టుకొచ్చారు. ఆయనలా అందరూ కావాలని పిల్లలకి చెప్పడం అన్యాయం. ఇప్పటి ఎఫ్-1 నిబంధనల ప్రకారం చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు. ఆ జీతంతో ఫీజు కట్టేయొచ్చని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మే 1 తర్వాత

ఏ కాలేజీ ఖాయమైనా పని అంతటితో అయిపోదు. బయటి సంస్థల నుంచి చిన్నచిన్న స్కాలర్‌షిప్పులు వస్తే కాలేజీకి చెప్పాలి. కొన్ని కాలేజీలు ఆ మేరకు తమ గ్రాంటును కోసేస్తాయి, కొన్ని ముందుగా రుణాన్ని తగ్గిస్తాయి. ఎవరిది ఏ పద్ధతో అడగండి. బడిలో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల క్రెడిట్లను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ఒప్పుకుంటాయి. అవి కలిసొచ్చి ఒక సెమిస్టరు ముందే పట్టా పుచ్చుకుంటే మిగిలేది ఏ అప్పీలుతోనూ రానంత. ఉమ్మడి ఆదాయం ఏడాదికి 1 లక్షా 60 వేల డాలర్లు మించని దంపతులకి చదువు ఖర్చు మీద 2,500 డాలర్ల దాకా పన్ను రాయితీ నాలుగేళ్లపాటు దొరుకుతుంది. అక్కడి నుంచి 1 లక్షా 80 వేల దాకా కొంత కొంత తగ్గుతుంది.

సాయం లెక్క ఏటా మళ్లీ మొదటి నుంచీ వేస్తారు. ఈసారి చూసింది 2024 ఆదాయమైతే వచ్చేసారి 2025ది. ఉద్యోగం పోయిన ఏడాది అప్పుడు లెక్కలోకొస్తుంది. కొత్త ఫారం అక్టోబరు 1 నాటికి తెరుచుకుంటుంది.